ఆరు పెయ్యలు, ఇరవై మూడు నెలలు: కొని, చూడి కట్టించి, అమ్మిన లెక్క

మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లికి కాస్త లోపలి ఊరు. ఇంట్లో రెండు పాడి ఆవులు ఎప్పటి నుంచో ఉన్నాయి. లేత పెయ్యలను కొని, మేపి, చూడి కట్టించి, ఏడెనిమిది నెలల చూడితో అమ్మడం మాత్రం ఇదే మొదలు. 2023 ఆగస్టు నుంచి శాల గోడకు వేలాడదీసిన నోటుపుస్తకంలో రాసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. ఈ పనిలోకి దిగేవాళ్లు నేను పోగొట్టుకున్న చోట పోగొట్టుకోకూడదని నా కోరిక. పెయ్యను ఎంతకు కొన్నామన్న దాని కంటే అది మన గాడి దగ్గర ఎన్ని రోజులు తిన్నదన్నదే ఎక్కువ తేడా తెస్తుందని నాకు ఏడాది దాటాక గానీ అర్థం కాలేదు. అందుకే దాదాపు ప్రతి దశ చివరా అప్పటిదాకా అయిన మొత్తం వేశాను. శాల మరమ్మతుకైన రూ.14,500 ఈ లెక్కలో కలపలేదు. దాన్ని చివర్లో తీసేస్తాను.

మొదటి దశ: కొనుగోలు (2023 ఆగస్టు)

రెండు పెయ్యలు మానాపురం సంతలో, మూడు చుట్టుపక్కల ఊళ్లలో రైతుల ఇళ్ల దగ్గర, ఒకటి వేరొక సంతలో కొన్నాను. అన్నీ సంకరజాతివే. ఐదు జెర్సీ, ఒకటి నల్ల మచ్చల హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అంటే హెచ్‌ఎఫ్. బేరమంతా కంటి అంచనా మీదే నడుస్తుంది కాబట్టి నేను దర్జీ టేపు జేబులో పెట్టుకుని వెళ్లాను. బరువు లెక్క ఇలా:

1. పెయ్యను చదునైన నేల మీద, తల నిటారుగా, నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా నిలబెట్టాలి.
2. ముందుకాళ్లకు సరిగ్గా వెనక, ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీయాలి.
3. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన ఉండే పిర్ర ఎముక దాకా పొడవు తీయాలి.
4. చుట్టుకొలతను మళ్లీ చుట్టుకొలతతో, వచ్చినదాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది.

ఒకటో పెయ్యను సంతలో పల్లపు నేల మీద, అది తల వంచి గడ్డి అందుకుంటుండగా కొలిచాను. చుట్టుకొలత 49 వచ్చింది. ఇంటికి తెచ్చి సరిగా నిలబెట్టి కొలిస్తే 47. పొడవు 40. ఆ రెండు అంగుళాలు బరువులో దాదాపు 12 కిలోలు ఎక్కువ చూపించాయి. అప్పటి నుంచి మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటున్నాను.

ఒకటి, ఎర్రది: 134 కిలోలు, రూ.17,000
రెండు, గోధుమ రంగుది: 149 కిలోలు, రూ.19,500
మూడు, నల్ల మచ్చల హెచ్‌ఎఫ్: 166 కిలోలు, రూ.22,000
నాలుగు, బక్కది: 117 కిలోలు, రూ.15,500
ఐదు, నుదుట చుక్కది: 140 కిలోలు, రూ.18,000
ఆరు, బాగా ఒళ్లున్నది: 159 కిలోలు, రూ.14,000

ఆరోదాని సంగతి విడిగా చెప్పాలి. తుండుగుడ్డ కింద నా వేళ్లు పట్టుకుని దళారి ధర చెప్పినప్పుడు తప్పు లెక్కపెట్టానేమో అనుకుని మళ్లీ అడిగాను. "ఇంత ఒళ్లున్న పెయ్య ఈ ధరకు ఇంకెక్కడా దొరకదు బాబూ" అన్నాడు. వయసు పదిహేను నెలలన్నాడు. నోరు తెరిచి చూస్తే ముందు రెండు పాలపళ్లు ఊడి, వాటి స్థానంలో వెడల్పాటి పళ్లు రెండు వచ్చి ఉన్నాయి. రెండు పళ్లు వేసిందంటే అటూ ఇటుగా రెండేళ్లు నిండినట్టే. అది నా కంటపడింది. వయసెక్కువైతే ఎదకు త్వరగా వస్తుంది, మనకే మంచిదని సరిపెట్టుకున్నాను. రెండేళ్ల పెయ్య, కండపట్టిన పెయ్య, ఇంకా ఎందుకు చూడి కట్టలేదని ఒక్క మాట అడగలేదు. ఆ ప్రశ్న ఖరీదు ఐదో దశలో ఉంది.

పెయ్యలకు 1,06,000, మధ్యవర్తులకు 2,400, బండి కిరాయి 3,600.
ఇప్పటిదాకా ఖర్చు: రూ.1,12,000

రెండో దశ: బరువు పెరగని రెండు నెలలు (ఆగస్టు నుంచి అక్టోబరు)

కొత్త పశువులను 21 రోజులు వేరుగా కట్టాలి. నేను తొమ్మిదో రోజుకే, కొట్టం కారుతోందని, తెచ్చి పాడి ఆవుల పక్కన కట్టేశాను. రోగమేదీ అంటుకోలేదు గానీ నన్ను చూసి ఎవరూ అలా చేయవద్దు. ఆరింటిలో రెండింటికే చెవికి 12 అంకెల పోగు ఉంది. పోగు ఉంటే టీకాలు ఎప్పుడు వేశారో పశువైద్యశాలలో చూసి చెప్పగలరు. మిగతా నాలుగింటికి పోగులు వేయించి, గాలికుంటు టీకా అన్నిటికీ వేయించాను. టీకాకు పైసా తీసుకోలేదు. చూడి పడిపోయేలా చేసే బ్రూసెల్లా రోగం టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకే వేస్తారు. ఆ వయసు వీటికి దాటిపోయింది.

మేత: వరిగడ్డి, తలకు కిలో తవుడు, పగలంతా చెరువు గట్టు మీద తిప్పడం. మా నాన్న పశువులను సాకినట్టే సాకాను. అక్టోబరు 15న కొలిస్తే ఇలా తేలింది:

ఒకటి 142, రెండు 160, మూడు 178, నాలుగు 120, ఐదు 150, ఆరు 172.

ఆరూ కలిపి రెండు నెలల్లో పెరిగింది 57 కిలోలు. అంటే ఒక్కోటి రోజుకు 160 గ్రాములు. జెర్సీ సంకర పెయ్యకు 200 కిలోలు, హెచ్‌ఎఫ్‌కు 250 కిలోలు వచ్చాకే సూది (చూడి కట్టే కృత్రిమ గర్భధారణ) వేయించాలని డాక్టరు గారు ముందే చెప్పారు. ఈ లెక్కన ఒకటో నంబరు 200 చేరడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఆ రాత్రి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నాలుగోది రెండు నెలల్లో మూడే కిలోలు పెరిగింది. ఓ ఉదయం దాని దవడ కింద మెత్తటి సంచిలా వాపు దిగింది. వేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా పూడుతోంది. పేడ పరీక్ష చేయిస్తే కార్జపు జలగ గుడ్లు కనిపించాయి. నత్తలుండే చెరువు గట్టు, పల్లపు గడ్డి, వానాకాలం. మూడూ కలిసిన చోటే రోజూ తిప్పాను. నట్టల మందు కొన్నప్పుడే తాగించాను గానీ అది గుండ్రటి పాములకు బాగా పనిచేసే మందు. లేత జలగలకు అది చాలదు. ట్రైక్లాబెండజోల్ ఆరింటికీ బరువు ప్రకారం తాగించాం. దవడ వాపు పన్నెండు రోజులకు పోయింది.

మార్చినవి:
1. చెరువు గట్టు పూర్తిగా మానేశాం. గడ్డి కోసి తెచ్చి శాలలోనే వేయడం మొదలుపెట్టాం.
2. తాగునీరు చెరువుది మాని బోరుది పెట్టాం.
3. మందు కొనే ముందు పేడ పరీక్ష. చూడి పెయ్యకు ఏ నట్టల మందైనా డాక్టరును అడిగాకే. అల్బెండజోల్ లాంటివి చూడి మొదటి నెలన్నరలో పడకూడదు.

గడ్డికి, తవుడుకు 12,000, మందులకు, పరీక్షకు 3,400.
ఇప్పటిదాకా ఖర్చు: రూ.1,27,400

మూడో దశ: మేత మార్పు (2023 అక్టోబరు నుంచి 2024 జనవరి)

దాణా ఇంట్లోనే కలిపాను. వంద కిలోలకు: మొక్కజొన్న నూక 35, తవుడు 30, వేరుశనగ చెక్క 20, మినప పొట్టు 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. కిలో రూ.27 పడింది. తలకు రోజుకు కిలోన్నర.

ఇరవై సెంట్లలో సూపర్ నేపియర్ పచ్చిగడ్డి కణుపులు నాటాను. మొదటి కోత 75 రోజులకు వచ్చింది. తర్వాతి కోతను ఇంకా పెరుగుతుందని అరవై రోజులు దాటేదాకా ఆపాను. ఎత్తు పెరిగింది, కాడ ముదిరింది. వంద కిలోలు వేస్తే 28 కిలోల మోళ్లు గాడిలో మిగిలాయి. ఆ తర్వాతి కోత 45 రోజులకే కోసి, యంత్రంతో రెండు అంగుళాల ముక్కలు చేసి వేస్తే మిగిలింది 9 కిలోలు. పొలంలో ఎత్తు చూసి సంతోషపడడం మాని, గాడిలో మిగిలినదాన్ని తూచడం మంచిది.

వరిగడ్డికి యూరియా పట్టించడం:
1. వంద కిలోల ఎండుగడ్డి పరవాలి.
2. నాలుగు కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లాలి.
3. బాగా తొక్కి, గాలి చొరకుండా పట్టాతో కప్పి, అంచుల మీద మట్టి వేయాలి.
4. 21 రోజుల తర్వాత ఒక పక్క నుంచి తీసి, గంటసేపు ఆరబెట్టి వేయాలి.

మొదటి కుప్పకు అంచుల మీద మట్టి బదులు రాళ్లు పెట్టాను. గాలి చొరబడి పై పొర బూజు పట్టింది. 30 కిలోలు పెంటలో పోశాను. రెండో కుప్ప తెరవగానే కళ్లు మండే ఘాటు వచ్చింది, గడ్డి బంగారు రంగుకు తిరిగింది. కుదిరిందనడానికి గుర్తు ఆ ఘాటే. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు పశువుకు అందే చోట క్షణం కూడా ఉంచవద్దు. అది తాగితే పశువు బతకడం కష్టం. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు.

జనవరి 15 కొలతలు: ఒకటి 181, రెండు 201, మూడు 220, నాలుగు 160, ఐదు 190, ఆరు 219. రోజుకు 420 నుంచి 510 గ్రాముల పెరుగుదల. అన్నిటికంటే ఎక్కువ పెరిగింది ఆరోది.

నాలుగో దశ: ఎద పట్టుకోవడం (2024 జనవరి నుంచి మే)

ఈ దశలో పోయిన డబ్బు కంటికి కనిపించదు. దాణాకు రోజుకు 40 రూపాయల 50 పైసలు, గడ్డికి దాదాపు 12. పెయ్య ఊరికే నిలబడితే రోజుకు 52 రూపాయలు. ఎద 21 రోజులకోసారి వస్తుంది. ఒక్క ఎద తప్పిపోతే రూ.1,100 గాడిలో పోసినట్టే.

జనవరి 22 పొద్దున రెండోది అదేపనిగా అరుస్తోంది. దాణా చాలలేదేమో అనుకుని ఇంకో గిద్దెడు వేశాను. తినలేదు. మా ఆవిడ చూసి "ఇది ఆకలి అరుపు కాదండీ, మానం చూడండి" అంది. అప్పటికి నేను పొలానికి బయలుదేరాను. సాయంత్రం వచ్చి చూస్తానన్నాను. సాయంత్రానికి సద్దుమణిగింది. అలా మొదటి 1,100 పోయింది.

మర్నాడే గోడకు పెద్ద క్యాలెండరు కట్టి, ఒక్కో పెయ్యకు ఒక్కో రంగు పెన్సిలు పెట్టాం. ఉదయం ఐదు గంటలకు, రాత్రి తొమ్మిదింటికి టార్చిలైటుతో పావుగంట చొప్పున చూడడం మొదలుపెట్టాం. చూడాల్సినవి: మానం (యోని ద్వారం) ఉబ్బి తడిగా ఉండడం, కోడిగుడ్డు తెల్లసొనలా తీగలు సాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పక్కదాని మీద కాళ్లు వేయడం, పక్కది తన మీద కాళ్లు వేస్తే కదలకుండా నిలబడడం. చివరిదే అసలైన గుర్తు. నాలుగు నెలల్లో మేం రాసుకున్న పదకొండు ఎదల్లో ఎనిమిది బయటపడింది రాత్రి పొద్దుపోయాక గానీ తెల్లవారుజామున గానీ.

రెండోది సరిగ్గా 21 రోజులకు, ఫిబ్రవరి 12 తెల్లవారుజామున మళ్లీ ఎదకు వచ్చింది. ఆ సాయంత్రం సూది వేయించాం. నిలిచింది.

ఐదోది నన్ను బాగా తిప్పలుపెట్టింది. ఫిబ్రవరి 28న ఐదింటికి తీగ కనిపించగానే ఫోను చేశాను. ఊళ్లలో తిరిగి సూదులు వేసే గోపాలమిత్ర ఎనిమిదింటికల్లా వచ్చాడు. నత్రజని డబ్బాలోంచి వీర్యపు గొట్టం తీసి, గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, వేశాడు. మార్చి 20న పొర్లింది, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకు వచ్చింది. మళ్లీ పొద్దున్నే పిలిచాను. ఏప్రిల్ 10న మళ్లీ పొర్లింది. గర్భసంచిలో లోపముందేమోనని భయపడి డాక్టరు గారిని రప్పించాను. ఆయన పెయ్యను చూసే ముందు నా క్యాలెండరు చూశారు. "రెండుసార్లూ ఎద మొదలవుతుండగానే వేయించారు. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున" అన్నారు. అండం విడుదలయ్యేది ఎద అణిగాక. తొందరపడి వేయించిన వీర్యం అప్పటిదాకా ఆగదు. ఈ నియమం నాకు ముందే తెలుసు. రెండోదానికి పాటించాను కూడా. ఎద చేజారిపోతుందేమోనన్న ఆత్రంలో ఐదోదానికి తప్పాను. ఆ సాయంత్రం ఆరింటికి వేయించిన మూడో సూది నిలిచింది. గోపాలమిత్ర తప్పు ఇందులో ఏమీ లేదు. పిలిచిన వేళ నాది.

సూదుల పట్టిక:
రెండు: ఫిబ్రవరి 12, మొదటిదే నిలిచింది.
ఒకటి: మార్చి 16, మొదటిదే నిలిచింది.
మూడు: ఏప్రిల్ 2, మొదటిదే. 230 కిలోలప్పుడు ఒక ఎద కావాలనే వదిలేశాను. 250 దాటాక వేయించాం. ఆ 1,100 పోయినందుకు బాధ లేదు.
ఐదు: ఏప్రిల్ 10, మూడోసారికి.
నాలుగు: మే 5, మొదటిదే.

ఈనే తేదీకి సూది వేసిన రోజు నుంచి 280 రోజులు కలుపుకోవాలి. చూడి పరీక్ష 75 రోజుల తర్వాతే చేయించాను.

మూడో దశ మొదలు నుంచి మార్చి 15 దాకా మేత, నేపియర్ కణుపులు, ఎరువు కలిపి 50,400.
ఇప్పటిదాకా ఖర్చు: రూ.1,77,800

ఐదో దశ: ఆరో నంబరు (2024 మార్చి)

నునుపైన వెంట్రుక, నిండైన ఒళ్లు. శాలలో అన్నిటికంటే అందమైనది. క్యాలెండరులో దాని రంగు ఒక్కసారీ పడలేదు. బయటికి గుర్తులు కనిపించని మూగ ఎద కావచ్చని ఖనిజ మిశ్రమం పెంచాను. నెలన్నర ఎదురుచూశాను.

డాక్టరు గారు తొడుగు వేసుకుని, సబ్బునీళ్లు రాసుకుని లోపల చేయి పెట్టారు. మామూలుగా ఒక్క నిమిషంలో చెప్పేసే మనిషి. ఆ రోజు చాలాసేపు వెతికారు. చేయి తీసి, శుభ్రం చేసిన గాజు గొట్టం ఒకటి మానంలో మెల్లగా పెట్టారు. కొద్దిగా వెళ్లి ఆగిపోయింది. పక్కనున్న నాలుగోదానికి అదే గొట్టం పెట్టి చూపించారు. దానికి దాదాపు మూడింతలు వెళ్లింది. తర్వాత ఆరోదాని తోక పక్కకు జరిపి, మానం ఎంత చిన్నగా ఉందో, దాని చివర వెంట్రుకల కుచ్చు ఎలా ఉందో చూపించారు. "ఇది కోడెదూడతో కలిసి కవలగా పుట్టి ఉంటుంది" అన్నారు.

తల్లి కడుపులో కోడె, పెయ్య కలిసి పెరిగితే రెండింటి మాయల రక్తనాళాలు కలిసిపోతాయి. కోడె వైపు నుంచి వచ్చే హార్మోన్ల వల్ల పెయ్య గర్భసంచి ఎదగదు. అలా పుట్టిన పెయ్యల్లో పదింట తొమ్మిదికి పైగా గొడ్డువే. మందు లేదు. మేత పెంచితే కండ పడుతుంది, అంతే. అది అందరికంటే వేగంగా ఎందుకు పెరిగిందో అప్పుడు తెలిసింది.

అమ్మినవాళ్లకు తెలిసే అమ్మారా అన్నది నేను నిరూపించలేను. తెలిసే అమ్మి ఉంటే అది అన్యాయం. నేను మాత్రం దాన్ని చూడి కట్టే పెయ్యగా ఇంకొకరికి అంటగట్టదలచుకోలేదు. ప్రకృతి వ్యవసాయం చేసే ఒక రైతుకు జీవామృతానికి పేడ, మూత్రం కావాలి. నాటు ఆవు కాకపోయినా పరవాలేదన్నాడు. గొడ్డుదని చెప్పి రూ.8,000కు ఇచ్చాను.

దాని ఒక్కదాని లెక్క: కొన్నది 14,000, మధ్యవర్తికి, బండికి 1,000, మేత, మందులు దాదాపు 11,000. మొత్తం 26,000. వచ్చింది 8,000. పోయింది 18,000.

కొనే ముందు ఇక ఇవి తప్పనిసరి:
1. కవలగా పుట్టిందా, తోడబుట్టింది కోడెనా అని అడగాలి. తల్లి ఉన్న ఇంట్లోనే కొంటే నిజం తెలుస్తుంది.
2. రెండు పళ్లు వేసి, ఒళ్లుండి, చూడి లేని పెయ్య చవకగా వస్తే డాక్టరు చేయి పెట్టి చూశాకే డబ్బు ఇవ్వాలి.
3. మానం ఆకారం తోక ఎత్తి చూడాలి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇప్పటిదాకా రాబడి: రూ.8,000

ఆరో దశ: వానలు, పిడుదులు (2024 జూలై నుంచి సెప్టెంబరు)

వానలు పడగానే పిడుదులు ముసిరాయి. డెల్టామెత్రిన్ లీటరు నీళ్లకు రెండు మిల్లీలీటర్లు కలిపి పశువుల మీద పిచికారీ చేశాను. వారంలో మళ్లీ అన్నే. రక్తం తాగిన పిడుదు కిందికి దిగి గోడ పగుళ్లలో, గాడి అడుగున గుడ్లు పెడుతుంది. నేను పశువును కడిగాను, గోడను వదిలేశాను. తర్వాత పగుళ్లు సిమెంటుతో పూడ్చి, గోడలకు మందు కొట్టి, పది రోజులకు మళ్లీ కొట్టాను. అప్పటికే ఆలస్యమైంది.

సెప్టెంబరు రెండో వారంలో నాలుగోది మేత ముట్టలేదు. థర్మామీటరు 105.5 చూపింది. భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత ఉబ్బింది. రక్తపరీక్షలో పిడుదుల వల్ల వచ్చే థైలీరియా జ్వరం తేలింది. బుపార్వాకోన్ సూది ఇరవై కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున కండలో లోతుగా వేశారు. మూడో రోజుకు జ్వరం దిగింది, మేత అందుకుంది. ఊపిరి పీల్చుకున్నాను. 20వ తేదీ తెల్లవారుజామున టార్చి వేస్తే దాని వెనక నేల మీద చిన్న పిండం, వెంట్రుకలు ఇంకా రానిది. నాలుగున్నర నెలల చూడి. మా ఆవిడ గోనెపట్టా తెచ్చి కప్పి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) పిండాన్ని వట్టి చేతులతో ముట్టవద్దు. బ్రూసెల్లా అయితే మనుషులకూ అంటుతుంది. తొడుగులు వేసుకుని, సున్నం చల్లి లోతుగా పూడ్చాను. రక్తం పరీక్షకు పంపితే బ్రూసెల్లా లేదని వచ్చింది. తీవ్రమైన జ్వరమే కారణమై ఉంటుందన్నారు డాక్టరు గారు.

మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 దాకా దాణా 37,300, గడ్డి 11,000, మందులు 4,200, సూదులకు 1,600.
ఇప్పటిదాకా ఖర్చు: రూ.2,31,900

ఏడో దశ: అమ్మకాలు (2024 సెప్టెంబరు నుంచి 2025 ఫిబ్రవరి)

సంతకు ఒక్కటీ తోలలేదు. చూడి పెయ్యను బండెక్కించి, దించి, రోజంతా ఎండలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పాలకేంద్రం దగ్గర మాట వేశాను. కొనేవాళ్లు ఇంటికే వచ్చారు. సూది వేసిన తేదీ, చూడి పరీక్ష కాగితం, చెవి పోగు నంబరు, క్యాలెండరు వాళ్ల ముందు పెట్టాను. ఆ కాగితాలు చూశాక బేరం గీచిగీచి ఆడినవాళ్లు తక్కువ.

రెండోది: సెప్టెంబరు 15, ఏడు నెలల చూడి, రూ.54,000. రాబడి మొత్తం 62,000
ఒకటోది: అక్టోబరు 26, రూ.51,000. మొత్తం 1,13,000
మూడోది: నవంబరు 20, రూ.62,000. మొత్తం 1,75,000

ఐదోదాన్ని ఈనేదాకా ఉంచాను. దూడతో అమ్మితే ఎంత తేడా వస్తుందో చూద్దామని. ఆఖరి రెండు నెలలు దాణా రెండున్నర కిలోలకు పెంచాం. సూది తేదీ ప్రకారం జనవరి 15న, కనుమ నాడు ఈనాలి. 13న భోగి తెల్లవారుజామున, వీధిలో మంట ఇంకా ఆరలేదు, పెయ్య లేచి పడుకుని, పడుకుని లేచి అవస్థపడింది. నీటిసంచి పగిలి గంట దాటినా ముందు గిట్టలు రెండే కనిపిస్తున్నాయి. చేయి కడుక్కుని తడిమితే మూతి గిట్టల మీద ఆని ఉంది. దూడ తిన్నగానే ఉందన్నమాట. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే, గిట్టలను తల్లి పొదుగు వైపు కిందికి లాగాం. నొప్పి ఆగితే మేమూ ఆగాం. నాలుగో నొప్పికి దూడ జారింది. పెయ్యదూడ. ముక్కులో జిగురు తీసి, గడ్డితో ఒళ్లు రుద్ది, బొడ్డుకు అయొడిన్ పెట్టి, అరగంటలో జున్నుపాలు తాగించాం. తెల్లవారి ఆరింటికి మాయ పడింది. తల్లి దూడను నాకుతున్న చప్పుడు వింటూ గాడి పక్కనే కూర్చున్నాను. మూడుసార్లు సూది వేయించిన పెయ్య అది.

ఐదు వారాల్లో దూడకు పోను అమ్మిన పాలు రూ.6,300. ఫిబ్రవరి 20న తల్లి, దూడ కలిపి రూ.66,000.

రెండోది, ఐదోది పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదాని మీద మొత్తం ఖర్చు 42,300, మిగిలింది 11,700, పదమూడు నెలల్లో. ఐదోదాని మీద ఖర్చు 60,100, పాలతో కలిపి వచ్చింది 72,300, మిగిలింది 12,200, పద్దెనిమిది నెలల్లో. ఐదు నెలల అదనపు చాకిరీకి, ఈతనాటి భయానికి దక్కింది ఐదు వందలు. చూడితోనే అమ్మడం మేలని నా నిర్ణయం. ఆరోదాని మీద పోయిన 18,000 రెండోదాని లాంటి పెయ్యలు ఒకటిన్నర సంపాదించేంత.

సెప్టెంబరు 15 నుంచి ఫిబ్రవరి 20 దాకా 34,400.
ఇప్పటిదాకా ఖర్చు: రూ.2,66,300
ఇప్పటిదాకా రాబడి: రూ.2,47,300

ఎనిమిదో దశ: నాలుగో నంబరు (2025 జూలై)

ఈసుకుపోయాక రెండు నెలలు ఊరుకుని, డిసెంబరు 4న మళ్లీ సూది వేయించాం. నిలిచింది. ఈ ఏడాది వానలకు ముందే గోడలకు రెండుసార్లు మందు కొట్టాను. జూలై 11న, ఏడు నెలలు దాటిన చూడితో, పోయిన సంవత్సరం ఈసుకుపోయిన సంగతి చెప్పే అమ్మాను. రూ.53,000. ఆ మాట చెప్పకపోతే ఇంకో రెండు వేలు వచ్చేవేమో. ఫిబ్రవరి నుంచి దాని మేతకు 7,600.

మొత్తం ఖర్చు: రూ.2,73,900
మొత్తం రాబడి: రూ.3,00,300
మిగులు: రూ.26,400
శాల మరమ్మతు 14,500 తీసేస్తే: రూ.11,900

ఇరవై మూడు నెలల్లో మా ఇద్దరి కూలి ఇందులో లేదు. పేడ మా పొలానికే పోయింది, దానికి వెల కట్టలేదు.

జూలై 28న మళ్లీ రెండు పెయ్యలు కొన్నాను. రెండూ తల్లులున్న ఇళ్లలోనే, పాలపళ్ల మీద ఉన్నవే. డాక్టరు గారిని వెంట తీసుకెళ్లాను. ఒకటి 148 కిలోలు, ఒకటి 155. రెండోదాని ఇంటి పెద్దావిడ, తోడు దూడ పుట్టిందా అని నేను అడిగితే విస్తుపోయి, "ఒక్కటే పుట్టింది నాయనా, ఎందుకలా అడుగుతున్నావు?" అంది. అరుగు మీద కూర్చుని ఆరో నంబరు సంగతంతా చెప్పాను. ఇప్పుడవి కొత్త కొట్టంలో వేరుగా ఉన్నాయి. ఇవాళ్టికి పన్నెండో రోజు. ఇంకా తొమ్మిది రోజులు అక్కడే.